బస్టాపు వేప పిల్లలు

2021 నవంబరు 28, మా ఊరు, అనంతపురం జిల్లా

ఊరికి వచ్చి మూడు రోజులయింది. ముసురు ఇంకా వదలలేదు. చెరువు నిండి అలుగు పారుతోంది. ఎటు చూసినా పచ్చదనమే, ఒక్క వేపచెట్లు తప్ప. తారురోడ్డు వెంట 26 వేపలున్నాయి. లెక్కపెడితే 19 చెట్లు కొనల నుంచి కిందికి ఎండిపోయాయి. ఎవరో కాగడా పట్టుకుని ఒక్కో కొమ్మనూ కమిలించినట్టుంది.

కారణాలకు మాత్రం కొదవ లేదు. సెల్ టవర్ వల్ల అని ఒకరు, కరోనా చెట్లకూ సోకిందని ఒకరు, అమ్మవారికి కోపం వచ్చిందని మా మేనత్త. 31 ఏళ్ళు జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి చివరికి నన్ను అడిగారు. చెప్పాను. లేత చిగుళ్ళను టీ దోమ పీలుస్తుంది. పేరుకు దోమే కానీ అది నల్లి జాతి పురుగు. జీడిమామిడినీ జామనూ కూడా వదలదు. అది పొడిచిన చోట పుండు పడుతుంది. ఆ పుండులోంచి ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం, అంటే ఒక రకం బూజు, లోపలికి దిగుతుంది. వేప మీద బతికే ఈ శిలీంధ్రాన్ని కొత్త జాతిగా వర్ణించి, ఫోమోప్సిస్ అజాడిరాక్టే అని 1997లో పేరు పెట్టింది కర్ణాటక పరిశోధకులే. కొమ్మ కొన నుంచి వెనక్కి ఎండుతూ వస్తుంది కాబట్టి డైబ్యాక్ అంటారు. ఎండిన పుల్లల మీద శిలీంధ్రపు విత్తనాల్లాంటి సిద్ధబీజాలు తయారై, వాన చినుకుల తుంపరతో పక్క కొమ్మకు పాకుతాయి. వానలు ఎక్కువైన ఏడు రోగమూ ఎక్కువే. పూత మాడుతుంది, కాయ రాలుతుంది, గింజ ద్వారా కూడా సోకుతుంది. అయితే చెట్టు సాధారణంగా చావదు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో మళ్ళీ చిగురిస్తుంది.

చావదని తెలియగానే మా మేనత్తకు నా ఉపన్యాసం మీద ఆసక్తి పోయింది.

నాకు మాత్రం మిగిలిన ఏడు చెట్లే కళ్ళలో తిరుగుతున్నాయి. అన్నిటికన్నా పచ్చగా ఉన్నది గుడి ముందున్న వేప. దాని మీద ఒక్క ఎండుపుల్ల లేదు.

2021 డిసెంబరు 5, బెంగళూరు

"ఆ గుడి చెట్టు గింజలు తెచ్చి నాటితే సరిపోదా అమ్మా?" అని మా అమ్మాయి అడిగింది. దానిది కంప్యూటర్ ఉద్యోగం, ఏ సంగతైనా రెండు వాక్యాల్లో తేలిపోవాలి. ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే మాత్రం ఎల్మ్ చెట్ల దాకా పోవాలి.

మనకు ఊరి రోడ్ల మీద వేప ఎలాగో ఐరోపాకూ అమెరికాకూ ఎల్మ్ అలాగ. మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఐరోపాలో ఆ చెట్లు వాడిపోవడం మొదలైంది. యుద్ధంలో వాడిన విషవాయువుల వల్ల అన్నవాళ్ళూ ఉన్నారు. సెల్ టవర్ కథకు అది పూర్వరూపం. హాలండ్‌లో యోహానా వెస్టర్‌డైక్ ప్రయోగశాలలో బేయా ష్వార్ట్స్ అనే యువ పరిశోధకురాలు 1921 ప్రాంతంలో కారణం ఒక శిలీంధ్రమని పట్టుకుంది. ఆమె మాట చాలామంది నమ్మలేదు. తరువాత క్రిస్టీన్ బ్యూస్మాన్ దాన్ని రుజువు చేసింది. డచ్ ఎల్మ్ తెగులు అన్న పేరు అలా వచ్చింది. రోగం పుట్టిన ఊరి పేరు కాదది, పట్టుకున్న ఊరి పేరు. ముగ్గురూ ఆడవాళ్ళే. పాఠ్యపుస్తకంలో ఆ ముక్క లేకపోయినా నేను ఏటా చెప్పేదాన్ని.

ఆ శిలీంధ్రాన్ని బెరడు తొలిచే పురుగు మోసుకొస్తుంది. శిలీంధ్రం నీళ్ళు మోసే దారు నాళాల్లోకి దిగగానే చెట్టు కంగారుపడి తన నాళాలను తానే పూడ్చుకుంటుంది. చుట్టూ నీళ్ళున్నా దాహంతో చస్తుంది. 1960ల చివర్లో మరింత ఉగ్రమైన రెండో రకం వచ్చి, ఒక్క బ్రిటన్‌లోనే రెండున్నర కోట్లకు పైగా చెట్లను తినేసింది.

తట్టుకునే ఎల్మ్ కోసం డచ్చివాళ్ళు దశాబ్దాల పాటు చేసిన పని ఒకటే: వేల మొక్కలు పెంచడం, చేజేతులా వాటికి తెగులు అంటించడం, ఏది నిలబడుతుందో చూడటం. పచ్చగా ఉన్న చెట్టును చూసి వాళ్ళు మురిసిపోలేదు. రోగం రాని చెట్టు వేరు, వచ్చిన రోగాన్ని తట్టుకున్న చెట్టు వేరు. గుడి వేప ఈ రెండిట్లో ఏది? అంటించి చూస్తే తప్ప చెప్పలేం.

మన దేశానికీ ఇందులో వాటా ఉంది. హాన్స్ హేబ్రూక్ అనే డచ్ శాస్త్రవేత్త 1960లో హిమాలయాలకు వచ్చి అక్కడి ఎల్మ్‌ను తీసుకుపోయాడు. లోబెల్, దోదూన్స్, ప్లాంటైన్ అనే పేర్లతో విడుదలైన సంకరాల్లో హిమాలయ ఎల్మ్ జాతి రక్తం ఉంది. 1995లో తెలిసిందేమిటంటే హిమాలయాల్లో ఆ శిలీంధ్రానికి దాయాది ఒకటి ముందునుంచీ ఉంది. చెట్టూ అదీ, ఏళ్ళ తరబడి ఒకే వంటింట్లో సర్దుకుపోయిన అత్తాకోడళ్ళలా బతుకుతున్నాయి.

ఇంత చెప్పాక మా అమ్మాయి, "అయితే ఎన్నేళ్ళు పడుతుంది?" అంది. నా వయసు 61. జవాబు చెప్పలేదు.

2022 జులై 9

మొదటి ప్రయత్నం బురదలో కలిసింది. జూన్ మొదటివారంలో మా తమ్ముడు ఐదు చెట్ల కింద పళ్ళు ఏరి, ఐదు పాలిథీన్ సంచుల్లో బిగించి కట్టి, పెళ్ళి పనుల్లో పడి నెల తరువాత తెచ్చాడు. విప్పితే కల్లు వాసన. కడిగి, నీడలో ఆరబెట్టి, 200 గింజలు నాటాను. ఒక్కటీ మొలవలేదు.

తప్పు వాడిది కాదు, నేను చెప్పకపోవడం. వేప గింజ వరి గింజలా నిద్రపోయి నిలిచేది కాదు. పండిన రెండు మూడు వారాల్లో దాని ప్రాణం పోతుంది. గుజ్జు వెంటనే కడిగేయాలి, నీడలో గాలి తగిలేలా పరచాలి, వెంటనే నాటాలి. పాఠం చెప్పినదాన్నే. ఒక ఏడాది పోయింది.

2023 జులై 2

ఈసారి నేనే ఊరికి వెళ్ళాను. గుడి వేప, బావి వేప, కళ్ళం వేప, బడి వేప, రోడ్డు వేప: ఐదు తల్లులు. పాలిథీన్ సంచిలో కాకుండా నూలు గుడ్డ మూటల్లో తెచ్చాను. బెంగళూరులో చెరువుగట్టు మీది చెట్టు, మా వీధి చివరి చెట్టు కలిపి ఏడు. పోలికకు ఒక చెడ్డ చెట్టు కూడా ఉండాలి కదా అని పాత మద్రాసు రోడ్డు మీద మా బస్టాపులో ఉన్న వేపను ఎనిమిదోదిగా చేర్చాను. విద్యుత్ తీగలకు అడ్డమని సగం తల నరికేశారు. ఒళ్ళంతా ప్రకటన బోర్డుల మేకులు. ఆకుల మీద దుమ్ము అంగుళం. పోయిన రెండేళ్ళుగా నవంబరులో దాని కొనలు ఎండటం స్వయంగా చూశాను. వ్యాధికి లొంగే చెట్టంటే ఇదే అనుకున్నాను.

కాలిబాట మీద వంగి పళ్ళు ఏరుతుంటే అక్కడ పూలమ్మే ఆమె, "ఏం జబ్బుకమ్మా?" అని అడిగింది. చెట్టు జబ్బుకని చెప్పాను. నా జబ్బు అంతకన్నా పెద్దదని ఆమె ముఖం చెప్పింది. అయినా తానూ దోసెడు ఏరి ఇచ్చింది.

హోసకోటె దాటాక మాకు 20 గుంటల నేల ఉంది. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒకటి, చివికిన పశువుల ఎరువు ఒకటి కలిపి పాలిథీన్ సంచులు నింపాము. తల్లికి 40 చొప్పున 320 గింజలు. శిలీంధ్రనాశని పట్టించలేదు. పట్టిస్తే సహజంగా ఉండే తేడాలు చెరిగిపోతాయేమో అనిపించింది. (ఈ నిర్ణయం తరువాత నన్ను కొరికింది.)

ఇరవై రోజుల్లో 211 మొలకెత్తాయి. వేప మొలక రెండు బీజదళాలు విప్పి నిలబడితే, 31 ఏళ్ళు నల్లబల్ల మీద గీసిన బొమ్మ లేచి వచ్చినట్టుంటుంది.

2023 డిసెంబరు 17

మేకలు వేప తినవని ఎవరన్నారో వాళ్ళను తీసుకురండి. 17 మొక్కలు పోయాయి. కంచె వేశాము. నారుకుళ్ళుతో పోయినవాటిని కలిపితే మిగిలింది 183.

2024 మే 26

వంటిల్లు కొన్ని వారాలు నా ఆధీనంలోకి వచ్చింది. తెగులు అంటించాలంటే ముందు తెగులును పెంచాలి.

200 గ్రాముల బంగాళాదుంపలు ఉడికించి వడకట్టి, ఆ నీళ్ళను లీటరు చేసి, 20 గ్రాముల గ్లూకోజు పొడి, గడ్డకట్టడానికి 20 గ్రాముల అగర్ (సముద్రపు నాచు పొడి) కలిపి, ప్రెషర్ కుక్కర్‌లో 20 నిమిషాలు. కుక్కర్ మీద 15 పౌండ్ల ఒత్తిడి అంటే సూక్ష్మజీవులను చంపడంలో కళాశాల ఆటోక్లేవ్‌కు ఏమాత్రం తక్కువ కాదు, పప్పు వాసన ఒక్కటే తేడా. నిరుడు నవంబరులో బస్టాపు చెట్టు నుంచీ చెరువుగట్టు చెట్టు నుంచీ దాచిన ఎండుపుల్లలను, పచ్చికీ ఎండుకీ మధ్య సరిహద్దు దగ్గర చిన్న ముక్కలు కోసి, బ్లీచింగు ద్రావణంలో ఒక నిమిషం ముంచి, మరిగించి చల్లార్చిన నీళ్ళలో మూడుసార్లు కడిగి గాజు పళ్ళేల్లో పెట్టాను. ఊరి నుంచి పుల్లలు తేలేదు. ఒక చోటి రోగాన్ని ఇంకో చోటికి మోసే పురుగు పని నేను చేయను.

మొదటి విడతలో పచ్చబూజు, నల్లబూజు, ఫ్రిజ్‌లో పళ్ళేలను చూసి మా అమ్మాయి కేకలు. రెండో విడతలో నాలుగు పళ్ళేల్లో తెల్లగా, దూది పింజలా, అంచులు సమానంగా లేకుండా పెరిగింది. మూడు వారాలకు దాని మీద నల్లటి చుక్కలు లేచాయి. ఒక చుక్కను గాజుపలక మీద చిదిమి, పదవీ విరమణ నాడు విద్యార్థులు కొనిచ్చిన సూక్ష్మదర్శినిలో చూశాను. కోడిగుడ్డు ఆకారంలో, లోపల రెండు నూనె బిందువులతో కొన్ని సిద్ధబీజాలు. దారం ముక్కలా కొస వంగి మరికొన్ని. ఆల్ఫా, బీటా అనే రెండు రకాలూ ఉన్నాయి. ఫోమోప్సిస్ ప్రజాతి అని చెప్పడానికి ఇంతకన్నా మంచి గుర్తు లేదు. జాతి ఏదో తేల్చాలంటే డీఎన్ఏ చూడాలి, కుక్కర్‌తో అయ్యే పని కాదు. కానీ ఇది ఎండిన వేపపుల్లలోంచే వచ్చింది, వేపను ఎండిస్తే చాలు.

2024 జులై 20

అంటించిన రోజు. తల్లికి 16 మొక్కల చొప్పున 128. అందులో ఒక్కో తల్లికి 12 మొక్కలకు లేత కాండం మీద సూదితో గాయం చేసి, శిలీంధ్రం పాకిన అగర్ బిళ్ళ పెట్టి, తడి దూది చుట్టి, రెండు రోజులు పాలిథీన్ కవరు కప్పాను. మిగిలిన నాలుగింటికీ అదే గాయం, అదే దూది, కానీ శిలీంధ్రం లేని ఉత్త అగర్. అంతటినీ వల కట్టిన పందిట్లో ఉంచాము, టీ దోమ వచ్చి లెక్క చెడగొట్టకుండా.

తోట చూసే పెద్దాయనది ముళబాగిలు వైపు. ఉదయం నుంచీ మాట్లాడకుండా సాయం చేస్తున్నవాడు మధ్యాహ్నం అన్నం దగ్గర అన్నాడు.

"బతికే మొక్కకు జబ్బు అంటించడం ఏమిటమ్మా?"

"ఏది బతుకుతుందో తెలియడానికి."

"బతికేది దానంతటదే బతుకుతుంది కదా, మన చేయి పడితేనేనా?"

రోడ్డు మీద బతికిన చెట్టు ఎందుకు బతికిందో మనకు తెలియదని చెప్పాను. గాలి వాటమో, నీటి వసతో, ఆ ఏడు చిగురు ఆలస్యంగా వేయడమో, అదృష్టమో. అన్నిటికీ ఒకే దెబ్బ వేస్తేనే పోలిక. ఆయన తల ఊపాడు కానీ, సాయంత్రం వెళ్ళేముందు మొక్కలకు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

2024 సెప్టెంబరు 18

అరవై రోజులు. స్కేలు పట్టుకుని గాయం నుంచి కిందికి ఎన్ని సెంటీమీటర్లు ఎండిందో 128 మొక్కలకూ కొలిచాను. పెద్దాయన సంఖ్యలు చదవలేడు కానీ గుర్తుపెట్టుకోగలడు. నేను కొలిచి చెబితే పది మొక్కలవి వరుసగా తిరిగి చెప్పేవాడు, అప్పుడు రాసుకునేదాన్ని.

గుడి వేప పిల్లల సగటు 12.1. ఎనిమిది తల్లుల్లో చివరి నుంచి రెండో స్థానం. కాగితం మీద మూడుసార్లు కూడి చూశాను.

బస్టాపు వేప పిల్లల సగటు 5.6. అన్నిటికన్నా తక్కువ. ఈ సగటు కూడా అసలు సంగతి చెప్పదు. పన్నెండింటిలో మూడు మొదలంటా ఎండిపోయాయి. నాలుగు మధ్యస్థం. మిగిలిన ఐదింటిలో ఎండు రెండు సెంటీమీటర్లు కూడా దిగలేదు. గీత గీసినట్టు ఒక నల్లటి వలయం దగ్గర ఆగిపోయింది. ఆ వలయం కింద బెరడు కొంచెం ఉబ్బి, దాని కింది కణుపు నుంచి ఎర్రటి చిగురు వేసింది. శిలీంధ్రం రాలేదని కాదు. వచ్చింది, గడప దగ్గర ఆగింది.

చెడ్డ చెట్టని తెచ్చినదాని పిల్లలు ఇలా. ఆ తల్లి బలహీనంగా కనిపించింది రోగంతో కాదు, మేకులతో, నరికివేతలతో, డీజిల్ పొగతో. ఏటా ఎండేది కొనలే. ఒక జానెడుకు మించి ఎండటం నేను ఎన్నడూ చూడలేదని ఇప్పుడు గుర్తుకొస్తోంది. చూసి కూడా చూడలేదు.

సంబరం మధ్యలో ఒక పంటి కింది రాయి. ఉత్త అగర్ పెట్టిన 32 మొక్కల్లో మూడు కూడా ఎండాయి. గింజలోనే వచ్చి దాక్కున్న శిలీంధ్రమా, పందిట్లో పక్క మొక్క నుంచి తుంపరతో వచ్చిందా? గింజలకు మందు పట్టించి ఉంటే సగం అనుమానం తీరేది. పైగా ఈ పిల్లలందరికీ తల్లి తెలుసు, తండ్రి తెలియదు. వేప పూతకు తేనెటీగలే పెళ్ళిళ్ళ పేరయ్యలు. బస్టాపు వేప మంచిదని కాదు, దాని పిల్లల్లో ఐదు మంచివని మాత్రమే రాసుకోవాలి. రాసుకున్నాను.

2024 నవంబరు 10

గుడి వేప గుట్టు తెలిసింది. ఏటా జాతరకు పందిరి వేయడానికి దాని కొమ్మలు కొట్టేస్తారట. ఎండుపుల్లలూ పోతాయి, వాటి మీది సిద్ధబీజాలూ పోతాయి. తమ్ముడు ఫోన్లో ఎంతో మామూలుగా చెప్పాడు, "అది అందరికీ తెలిసిందే కదక్కా" అని. నేను మూడేళ్ళుగా అడగలేదు. వచ్చే జాతరకు ఒక వైపు కొమ్మలు వదిలేయమని గుడి పెద్దలను బతిమాలమన్నాను.

2025 మార్చి 23

చెరువుగట్టు మీద నెమలినార చెట్టు నిండా కాయలు, గుండ్రటి పలుచని రెక్కల మధ్య ఒక్కో గింజ. కన్నడంలో దీన్ని తపసి అంటారు. ఆకు నలిపితే కంపు. ఎల్మ్ కుటుంబానికి చెందిన చెట్టు. విదేశీ ఎల్మ్‌ల గురించి ఇంత చదివి, ఇంటి పక్కనున్న వాటి చుట్టాన్ని పలకరించకపోతే బాగుండదని కాసేపు దాని కింద కూర్చున్నాను. ఈ ప్రాజెక్టుకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

2025 జులై 13

రెండు పనులు.

మొదటిది, పోయిన ఏడు నిలిచిన ఐదింటికీ మళ్ళీ అంటించాను, ఈసారి రెండేసి కొమ్మలకు. ఒక్కసారి తట్టుకున్న మొక్కను నమ్మకూడదు. పక్కన గుడి వేప, బావి వేప పిల్లలు నాలుగేసి.

రెండోది అనుకోకుండా వచ్చింది. మంగళవారం ఉదయం పూలమ్మే ఆమె ఫోను చేసింది: "మీ చెట్టు కొమ్మలు కొడుతున్నారు, తొందరగా రండి." మీ చెట్టు! తీగల కింద కొమ్మలు మళ్ళీ నరుకుతున్నారు. తడి గోనెపట్టాలో రెండు మోపుల లేత కొమ్మలు చుట్టుకుని ఆటోలో తెచ్చాను. మిగులు మొక్కలు ఉన్నాయి కదా, వాటి తల కోసి, నిలువుగా చీల్చి, రెండు వైపులా వాలుగా చెక్కిన బస్టాపు కొమ్మను దిగేసి, పాలిథీన్ పట్టీ చుట్టాను. పైన టోపీలా చిన్న కవరు. ఇరవై అంటు కట్టాను.

ఈ వార్త మా అపార్టుమెంటులో పాకింది. రోగం రాని వేప దొరికిందట, అందరికీ ఒక్కో అంటు ఇస్తుందట. వద్దన్నాను. బ్రిటన్ పొలాల గట్ల మీద లక్షల కొద్దీ ఉన్న ఇంగ్లిష్ ఎల్మ్‌ల కథ వాళ్ళకు చెప్పవలసి వచ్చింది. రోమన్లు ద్రాక్షతీగలు పాకించడానికి నాటిన ఒకే ఒక్క చెట్టు వేరు పిలకలే అవన్నీ అని 2004లో జన్యు పరీక్షల్లో తేలింది. గింజ కట్టడం అరుదు, పిలకలే సంతానం. లక్షల చెట్లు అనుకున్నవి నిజానికి ఒకే చెట్టు. దానికి లొంగే తెగులు వచ్చిన రోజు అన్నీ ఒక్క పెట్టున పడ్డాయి. బస్టాపు వేపను బెంగళూరంతా అంటు కట్టి నాటితే నేను చేసేదీ అదే. మూడు నాలుగు తల్లుల పిల్లలను కలిపి తీసుకుంటానంటే ఇస్తానన్నాను. ఇద్దరు తీసుకున్నారు. మిగతావాళ్ళకు నేను పిసినారిని.

2025 అక్టోబరు 26

అంటుల్లో బతికినవి ఆరు. రెండిటిని పెద్ద కుండీల్లోకి మార్చి మేడ మీద పెట్టాను.

ఐదింటిలో మూడు రెండోసారీ నిలిచాయి, అదే నల్లటి వలయంతో. ఒకటి ఒక కొమ్మ పోగొట్టుకుంది, ఒకటి పూర్తిగా లొంగింది. మూడు చాలు అనుకుని ధైర్యం చేసి సెప్టెంబరులో పందిరి వల తీసేశాను. తప్పు చేశానని కాదు, ఎప్పటికైనా తీయాల్సిందే. పది రోజుల్లో టీ దోమ దిగింది. ఎరుపు, నలుపు ఒళ్ళు, వీపు మీద గుండుసూదిలా నిలబడిన ముల్లు. పొడిచిన ప్రతి చోటా గోధుమరంగు మచ్చ. నా మూడు రత్నాల్లో ఒకదానికి చిగుళ్ళన్నీ మాడ్చింది. శిలీంధ్రాన్ని గడప దగ్గర ఆపిన మొక్క, నల్లికి తలుపులు బార్లా తెరిచింది.

డచ్చివాళ్ళకూ ఇదే జరిగింది. ఎంతో కష్టపడి 1930ల్లో విడుదల చేసిన మొదటి ఎల్మ్‌కు క్రిస్టీన్ బ్యూస్మాన్ పేరు పెట్టారు. డచ్ తెగులును తట్టుకుంది, కానీ పగడపు మచ్చ అనే వేరే శిలీంధ్రానికి లొంగింది. ఆమె అప్పటికే, 36 ఏళ్ళకే, చనిపోయింది. పేరు పెట్టిన చెట్టు కూడా నిలవకపోవడం ఆ రోజు నన్ను చాలాసేపు బాధించింది.

మర్నాడు కోపం తగ్గాక బయట ఉన్న మొక్కలన్నిటి మీదా మచ్చలు లెక్కపెట్టాను. మొక్కకు మూడు చిగుళ్ళు, చిగురుకు ఎన్ని మచ్చలు. కళ్ళం వేప పిల్లల మీద మచ్చలు అన్నిటికన్నా తక్కువ, బస్టాపు పిల్లల్లో మూడో వంతు కూడా లేవు. శిలీంధ్రం అంటించినప్పుడు అవి మధ్యస్థంగానే ఉన్నాయి, అందుకే ఇన్నాళ్ళూ వాటిని పట్టించుకోలేదు. ఐరోపాలో తెల్ల ఎల్మ్ కూడా ఇలాంటిదే. దాని ఒంట్లోకి శిలీంధ్రం ఎక్కిస్తే లొంగిపోతుంది, కానీ బెరడులోని ఒక పదార్థం ఆ పురుగుకు నచ్చదు కాబట్టి దాని జోలికి రాదు. మోసుకొచ్చేవాడు రాకపోతే రోగమూ రాదు.

గుడి వేప కబురు: కొమ్మలు కొట్టని వైపు కొనలు ఎండాయి, కొట్టిన వైపు పచ్చగా ఉంది. తమ్ముడు ఫోటో పంపాడు.

2026 మార్చి 11

మేడ మీది అంటు ఒకటి పూసింది. గింజతో పెరిగిన వేప పూయాలంటే మూడు నుంచి ఐదేళ్ళు. అంటు కొమ్మకు తల్లి వయసు ఉంటుంది కాబట్టి ఎనిమిది నెలలకే మూడు గుత్తులు వేసింది. చిన్న మొక్క, పూత తుంచేయడమే దానికి మంచిది. తుంచలేకపోయాను. ఇన్నేళ్ళుగా తేనెటీగ ఇష్టానికి వదిలిన పెళ్ళి ఒక్కసారి నా చేత్తో చేయాలని ఉంది: బస్టాపు తల్లి, కళ్ళం తండ్రి.

తమ్ముడు సాయంత్రం కళ్ళం వేప పూలు కోసి, కాగితం పొట్లంలో (పాలిథీన్ కాదు, ఈసారి వాడే గుర్తుచేశాడు) రాత్రి బస్సు డ్రైవరుకు ఇచ్చాడు. ఉదయం ఐదున్నరకు పొట్లం నా చేతిలో ఉంది. బస్సంతా పూల వాసన అని డ్రైవరు ఫిర్యాదు చేశాడు.

వేపపువ్వు ఆవగింజ కన్నా కొంచెం పెద్ద మొగ్గ. ఐదు తెల్లటి రేకులు, మధ్యలో గొట్టంలా కలిసిపోయిన కేసరాలు, దాని అంచున పది పరాగకోశాలు. విచ్చుకోకముందే ఆ గొట్టాన్ని చీల్చి తీసేయాలి, లోపలి కీలం విరగకూడదు. విపుంసీకరణ అని పాఠం చెప్పడం చాలా తేలిక. చదువు అద్దాల మీద ఇంకో భూతద్దం, కుట్టుసూది, పట్టకారు. మొదటి పది మొగ్గలు చిదిమేశాను. తరువాత చేయి కుదిరింది. మధ్యాహ్నానికి 60 పూలు అయ్యాయి. కళ్ళం పుప్పొడిని సన్న కుంచెతో కీలాగ్రానికి అద్ది, గుత్తులకు బటర్ పేపర్ సంచులు కట్టి, దారానికి చీటీలు తగిలించాను. మెడ పట్టేసి రాత్రి కొబ్బరినూనె కాపడం.

2026 మార్చి 18

సంచులు విప్పి చూశాను. 41 రాలిపోయాయి. 19 నిలిచాయి, వాటిలో కొన్నిటి అండాశయం గుండుసూది తలంత ఉబ్బినట్టుంది. కళ్ళు నమ్మవచ్చో లేదో. కాయ పండేది జూన్ చివరికి. అప్పటిదాకా ఎన్ని మిగిలితే అన్ని.

రేపు ఉగాది. మా అమ్మాయి మేడ మీదికి వచ్చి కుండీ వైపు చూసి, పచ్చడిలోకి ఒక్క రెబ్బ కోసుకోనా అంది. సంచి కట్టని మూడో గుత్తిలో పువ్వులున్న మాట నిజమే. వద్దన్నాను. "ఇంట్లో వేపచెట్టు పెట్టుకుని వేపపువ్వు కొనాలా?" అని సణుక్కుంటూ కిందికి వెళ్ళి, బస్టాపులో పూలమ్మే ఆమె దగ్గర పది రూపాయల పొట్లం తెచ్చింది. విప్పి చూశాను. ఆ చెట్టువే.